క్రూజ్ రద్దయ్యే సూచనలున్నప్పుడు వీసా డబ్బు: ఎప్పుడు కట్టాలి, ఏది వెనక్కి వస్తుంది, ఎలా రాబట్టాలి

“క్రూజ్ బుక్ చేశాం. కంపెనీ వాళ్లు రెండోసారి తేదీ మార్చారు. వీసాకి ఇప్పుడే కట్టాలా, ఆగాలా?” కొంతకాలంగా నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. తొందరపడి కడితే ఓడ కదలకపోయినా వీసా డబ్బు పోతుంది. ఆగితే దరఖాస్తు ఇచ్చే స్లాట్లు (అపాయింట్‌మెంట్లు) అయిపోతాయి, ఓడ మాత్రం మనల్ని వదిలేసి వెళ్లిపోతుంది. ఈ రెండింటి మధ్య నష్టం తక్కువయ్యే వరస ఒకటి ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ల కోసం దాన్నే ఇక్కడ అడుగడుగునా రాస్తున్నాను.

1. ముందు మీ ఖర్చును మూడు కుప్పలు చేయండి

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గడులు గీయండి.

మొదటి గడి: ఏం జరిగినా తిరిగిరానిది. వీసా రుసుము (బ్రిటన్‌కి ఉన్న ఒక చిన్న వెసులుబాటు మూడో మెట్టులో చెప్తాను), వీసా సెంటర్ (రాయబార కార్యాలయం తరఫున దరఖాస్తులు తీసుకునే ఆఫీసు) సర్వీసు ఛార్జీ, ఫొటోలు, కొరియరు, హైదరాబాద్ వచ్చి వెళ్లే ఛార్జీలు ఇందులో పడతాయి. రాయబార కార్యాలయం డబ్బు తీసుకునేది దరఖాస్తు పరిశీలించినందుకు. ఓడ కదిలినా కదలకపోయినా వాళ్లకు సంబంధం లేదు.

రెండో గడి: షరతుల మీద వచ్చేది. విమానం టికెట్లు, హోటళ్లు, ఇన్సూరెన్స్ ప్రీమియం, ఏజెంటు ఛార్జీలు.

మూడో గడి: క్రూజ్ కంపెనీ తానే రద్దు చేస్తే పూర్తిగా రావలసింది. క్రూజ్ ఛార్జీ, పోర్టు పన్నులు, కంపెనీ దగ్గరే ముందుగా కొన్న షోర్ ట్రిప్పులు (ఓడ ఆగిన ఊళ్లలో చుట్టి చూసేవి), డ్రింక్స్ ప్యాకేజీ.

మొదటి గడిలో వేయాల్సిన అంకెలు ఇవి:

- షెంజెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా): 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 ఏళ్లు నిండి 12 నిండని పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు.
- బ్రిటన్ ఆరు నెలల విజిటర్ వీసా: 2025 ఏప్రిల్ 9న 127 పౌండ్లు చేశారు. అక్కడ రుసుములు సాధారణంగా ఏప్రిల్‌లో పెరుగుతుంటాయి కాబట్టి కట్టే రోజున మళ్లీ చూసుకోండి.
- అమెరికా బి1/బి2 (విజిటర్ వీసా): 185 డాలర్లు. 2025 జూలైలో అక్కడ చేసిన చట్టంలో వీసా మీద 250 డాలర్ల అదనపు రుసుము ప్రస్తావన కూడా ఉంది. మీరు కట్టే నాటికి అది వసూలు చేస్తున్నారేమో చూడండి.
- సింగపూర్: తలకు 30 సింగపూర్ డాలర్లు. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా వెనక్కి రాదు.

భార్యాభర్తలు, పదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల బాబు ఉన్న ఇంటికి షెంజెన్ లెక్క: 90 + 90 + 45 + 0 = 225 యూరోలు. యూరోకి నూరు రూపాయల చొప్పున చూసినా 22,500. దాని మీద సర్వీసు ఛార్జీలు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వేలిముద్రలకు వచ్చేవాళ్లయితే ఆ రోజు ఖర్చు కూడా కలపండి. లాంజ్, ఎస్ఎంఎస్ లాంటివి వీసా సెంటర్లో అంటగడతారు. అవి తప్పనిసరి కావు, వద్దంటే సరిపోతుంది.

ఆ మొత్తం కింద గీత గీసి “ఇది పోయినా తట్టుకోగలమా?” అని ఇంట్లో అందరూ కూర్చుని ఒక మాట అనుకోండి. తట్టుకోలేమనుకుంటే, తేదీలు ఊగిసలాడుతున్న క్రూజ్ జోలికి ఈ ఏడాదికి వెళ్లకండి.

2. నాలుగు తేదీలు ఒకే క్యాలెండరు మీద పెట్టండి

ఈ పని చేయకుండా ఎవరూ వీసా స్లాట్ తీసుకోకండి. డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఈ మెట్టు దాటేసినవాళ్లే.

- వీసాకి దరఖాస్తు పెట్టుకోగలిగిన మొదటి రోజు
- క్రూజ్ బ్యాలెన్సు కట్టాల్సిన చివరి రోజు
- క్యాన్సిలేషన్ కోత పెరిగే రోజులు
- ఓడ బయల్దేరే రోజు

ఒక ఉదాహరణ. అక్టోబరు 10న బార్సిలోనాలో ఓడ ఎక్కాలి. మీరు 8నే అక్కడ దిగుతున్నారు. షెంజెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు కాబట్టి మొదటి రోజు ఏప్రిల్ 8. కాంట్రాక్టులో బ్యాలెన్సు 90 రోజుల ముందు కట్టాలని ఉంటే ఆ తేదీ జూలై 12.

షెంజెన్ నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది. ఇంకా విచారించాలనుకుంటే 45 రోజుల దాకా తీసుకోవచ్చు. జూలై 12 నుంచి 45 రోజులు వెనక్కి వస్తే మే 28. అంటే ఏప్రిల్ 8కి, మే 28కి మధ్య మీరు వేలిముద్రలు ఇచ్చేస్తే, వీసా వచ్చిందో రాలేదో తెలిశాకే పెద్ద మొత్తం కడతారు. వీసా రాకపోతే అప్పటికి పోయేది వీసా రుసుము, మహా అయితే అడ్వాన్సు.

క్రూజ్ మీద అనుమానం ఉన్నప్పుడు ఆ 50 రోజుల్లో చివరి పక్షాన్ని ఎంచుకోండి. అంటే స్లాట్ ముందే తీసుకోండి, తేదీ మాత్రం మే మూడో వారంలో పెట్టుకోండి. ఆలోగా కంపెనీ నుంచి ఏదో ఒక కబురు వస్తుంది. ఓడ రద్దైతే స్లాట్ వదిలేసుకుంటారు, 225 యూరోలు మీ దగ్గరే ఉంటాయి. స్లాట్ తీసుకునేటప్పుడే సర్వీసు ఛార్జీ కట్టించుకునే సెంటర్లో అదొక్కటి పోవచ్చు. వేసవి సెలవుల ముందు హైదరాబాద్‌లో స్లాట్లు దొరకడం కష్టం. అందుకే స్లాట్ తీసుకోవడం వేరు, దరఖాస్తు ఇవ్వడం వేరు అని గుర్తు పెట్టుకోండి.

అడ్వాన్సు సంగతి కూడా ఇక్కడే చూడండి. చాలా కాంట్రాక్టుల్లో బ్యాలెన్సు తేదీ దాకా రద్దు చేసుకుంటే అడ్వాన్సు ఇచ్చేస్తారు. కానీ చవగ్గా కనిపించే కొన్ని ఛార్జీలకు “అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు” అన్న షరతు ఉంటుంది. వీసా మీద నమ్మకం లేనివాళ్లు ఆ చవక ఛార్జీ తీసుకోకండి.

3. దేశాన్ని బట్టి వరస మారుతుంది

అమెరికా. మియామీ నుంచి కరీబియన్ వెళ్లేవాళ్లు వీసా ముందు, క్రూజ్ తరవాత పెట్టుకోండి. మనవాళ్లకు సాధారణంగా పదేళ్ల మల్టిపుల్ ఎంట్రీ (ఎన్నిసార్లయినా వెళ్లి రాగలిగే వీసా) ఇస్తారు కాబట్టి ఈ ఓడ పోయినా వీసా చేతిలో ఉంటుంది. రుసుము కట్టిన రసీదు 365 రోజులు పనికొస్తుంది, ఆలోగా ఇంటర్వ్యూ తేదీ తీసుకోవాలి. దారిలో ఓడ ఆగే ఒక్కో దీవికి నిబంధన వేరు, అవి విడిగా చూసుకోండి.

బ్రిటన్. ఇక్కడ చిక్కుంది. ప్రయాణానికి మూడు నెలల ముందు మాత్రమే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సౌతాంప్టన్ నుంచి బయల్దేరే క్రూజ్‌కి బ్యాలెన్సు తేదీ కూడా ఇంచుమించు అప్పుడే వస్తుంది. వీసా తెలియకుండానే డబ్బు కట్టాల్సిన పరిస్థితి. అలాంటప్పుడు బ్యాలెన్సు తేదీ 60 రోజుల ముందు ఉన్న కంపెనీని వెతకండి, లేదా రెండేళ్ల వీసాకి ముందే, వేరే ప్రయాణానికి దరఖాస్తు పెట్టుకోండి. ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది: ఆన్‌లైన్లో కట్టినా, సెంటర్‌కి వెళ్లి వేలిముద్రలు ఇవ్వకముందే దరఖాస్తు వెనక్కి తీసుకుంటే రుసుము తిరిగి ఇస్తారు. కాబట్టి రద్దు వార్త వినగానే చేయాల్సిన మొదటి పని ఆ అకౌంట్లోకి వెళ్లి దరఖాస్తు విరమించుకోవడం.

షెంజెన్‌లో ఆ వెసులుబాటు లేదు. కాగితాలు ఇచ్చాక విరమించుకున్నా డబ్బు రాదు. తప్పు దేశానికి ఇచ్చారని, గడువు మించిందని దరఖాస్తును స్వీకరించకుండానే వెనక్కి పంపితే మాత్రం రుసుము ఇవ్వాలని వాళ్ల వీసా నియమావళిలోనే ఉంది.

సింగపూర్. వరస తలకిందులు. వీసా చవక, నాలుగైదు పనిదినాల్లో వస్తుంది, ప్రయాణానికి నెల రోజుల లోపే పెట్టుకోవాలి. అప్పటికి క్రూజ్ డబ్బంతా కట్టేసి ఉంటారు. ఇక్కడ తొందరపడి లాభం లేదు. ఓడ మీద అనుమానం ఉంటే మూడు వారాల ముందు దాకా ఆగండి.

4. ఓడ కదులుతుందా లేదా: మీరే చూసుకోగలిగిన గుర్తులు

కాల్ సెంటర్లో అడిగితే “షెడ్యూల్ ప్రకారమే ఉందండీ” అంటారు. వాళ్ల తెర మీద ఉన్నదే వాళ్లు చెప్పగలరు. మీరు చూడాల్సినవి వేరే.

- మీ తేదీకి కొత్త బుకింగులు తీసుకుంటున్నారా? అన్ని రకాల క్యాబిన్లూ ఒక్కసారిగా మాయమైతే ఓడ నిండిపోయి ఉండాలి, లేదంటే ఎవరైనా మొత్తం ఓడను అద్దెకు తీసుకుని ఉండాలి, అదీ కాకపోతే ఆ ప్రయాణాన్ని రద్దు చేయబోతూ ఉండొచ్చు.
- మీరు ఎక్కే పోర్టు తన వెబ్‌సైట్లో పెట్టే ఓడల జాబితాలో, ఆ రోజు మీ ఓడ పేరుందా?
- ఓడ ఇప్పుడు ఎక్కడుంది? మెరైన్‌ట్రాఫిక్ లాంటి యాప్‌లో పేరు కొడితే కనిపిస్తుంది. రిపేరు యార్డులో ఉంటే ఎప్పుడు బయటికొస్తుందో కనుక్కోండి.
- ఓడ కంపెనీ చేతిలో ఉందా, ఇంకా కొనబోతున్నారా?
- దారిలో యుద్ధ ప్రాంతం ఉందా? 2024లో ఎర్ర సముద్రం మీదుగా వెళ్లాల్సిన చాలా క్రూజ్‌లు దారి మార్చుకున్నాయి, కొన్ని రద్దయ్యాయి.

నాలుగో గుర్తు ఎంత ముఖ్యమో “లైఫ్ ఎట్ సీ” అనే మూడేళ్ల ప్రపంచ యాత్ర చూపించింది. 2023 నవంబరు 1న ఇస్తాంబుల్‌లో బయల్దేరాలి. తేదీ రెండుసార్లు జరిగింది. ఎక్కే ఊరు ఆమ్‌స్టర్‌డామ్‌కి మారింది. ఆ నెలలోనే మొత్తం రద్దు చేశారు, ఎందుకంటే అనుకున్న ఓడను వేరే కంపెనీ కొనేసింది. వీసా కోణంలో చూడండి: ఎక్కే ఊరు ఇస్తాంబుల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి మారితే భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు టర్కీ వీసా బదులు షెంజెన్ కావాలి. పది రోజుల్లో అది అయ్యే పని కాదు.

పై అయిదింటిలో రెండు తేడాగా కనిపిస్తే వీసా రుసుము కట్టడం ఆపండి. ఒక్కటే కనిపిస్తే రెండో మెట్టులో చెప్పినట్టు చివరి పక్షం దాకా ఆగండి.

5. డబ్బు కట్టే తీరు, రసీదు అడిగే తీరు

పెద్ద మొత్తం క్రెడిట్ కార్డు మీద కట్టండి. సేవ అందకపోతే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాగే చార్జ్‌బ్యాక్ సదుపాయం కార్డుకి ఉంది. నెఫ్ట్‌లోనో యూపీఐలోనో ఏజెంటు ఖాతాకి పంపేశాక అతని చేతిలో ఉన్నట్టే. విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు వేసే మార్కప్ (మారకానికి తీసుకునే అదనపు ఛార్జీ), దాని మీద జీఎస్టీ రీఫండ్‌లో రావు. రీఫండ్ వచ్చే రోజు మారకం రేటు కూడా వేరుగా ఉంటుంది. అది కూడా మొదటి గడిలోకే వెళ్తుంది.

రసీదు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మా అక్కవాళ్లు విజయవాడలో ఒక ఏజెంటు దగ్గర సింగపూర్ క్రూజ్ ప్యాకేజీ తీసుకున్నారు, నలుగురికి. ఓడకి రిపేరొచ్చి నెలన్నర ముందే ట్రిప్పు రద్దైంది. ఏజెంటు క్యాబిన్ డబ్బు ఇస్తానన్నాడు, “వీసా డబ్బు మాత్రం రాదండీ, గవర్నమెంటుకి కట్టేశాం” అన్నాడు.

“రద్దైతే మొత్తం ఇచ్చేస్తానన్నాడు కదయ్యా,” అని బావ నాకు ఫోన్ చేశారు.

“ఆ రసీదు ఒకసారి ఫొటో తీసి పంపండి బావా” అన్నాను.

గులాబీ రంగు కార్బన్ కాపీ. ప్యాకేజీ అని ఒక వరస. దాని కింద బాల్‌పెన్‌తో “వీసా వగైరా – 22,400” అని ఒకటే వరస. సింగపూర్ సర్కారు రుసుము నలుగురికి కలిపి 120 సింగపూర్ డాలర్లు, మన డబ్బులో ఎనిమిది వేల చిల్లర. మిగతా పద్నాలుగు వేలు దేనికో ఆ “వగైరా” చెప్పదు. పైగా వీసాకి నెల లోపే పెట్టాలి, అప్పటికింకా నెలన్నర ఉంది.

బావని ఒక్క మాట అడగమన్నాను: “నాలుగు దరఖాస్తుల రిఫరెన్సు నంబర్లు ఇవ్వండి, స్టేటస్ చూసుకుంటాం.” రెండు రోజులు పలకలేదు. మూడో రోజు, ఇంకా దరఖాస్తే పెట్టలేదని ఒప్పుకున్నాడు. పేపర్లు తయారు చేసినందుకని రెండు వేలు ఉంచుకుని మిగతాది పంపాడు.

అందుకే కట్టే రోజునే రసీదులో విడివిడిగా రాయించుకోండి:

- సర్కారు వీసా రుసుము ఎంత, ఏ కరెన్సీలో
- వీసా సెంటర్ ఛార్జీ ఎంత
- ఏజెంటు ఛార్జీ ఎంత, దరఖాస్తు పెట్టకముందే రద్దైతే అందులో ఎంత ఇస్తారు
- ఇన్సూరెన్స్ ఎంత, ఏ పాలసీ
- టీసీఎస్ (విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) ఎంత, ఎవరి ప్యాన్ మీద
- దరఖాస్తు పెట్టిన రోజున రిఫరెన్సు నంబరు పంపుతామన్న మాట

ఏజెంటు నోటితో చెప్పింది వాట్సాప్‌లో మీరే తిరిగి రాసి, “ఇంతేగా?” అని అడగండి. “అవునండీ” అన్న ఆ ఒక్క జవాబు తరవాత చాలా పనికొస్తుంది.

6. దరఖాస్తులో క్రూజ్‌వాళ్లు చేసే పొరపాట్లు

సింగిల్ ఎంట్రీ అడగడం. ఓడ సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ వెళ్లి మళ్లీ సింగపూర్ వస్తే అది రెండో ఎంట్రీ. బార్సిలోనా, మార్సే, జెనోవా, నేపుల్స్ అయితే అన్నీ షెంజెన్‌లోనే ఉన్నాయి. మధ్యలో టర్కీలోని కుశాదాసో, మాంటెనెగ్రోలోని కోటోరో తగిలితే బయటికి వెళ్లి లోపలికొచ్చినట్టు. షెంజెన్‌లో సింగిల్‌కీ మల్టిపుల్‌కీ రుసుము ఒకటే, కాబట్టి మల్టిపుల్ అడగండి. కంపెనీ రేపు దారి మార్చినా మీకు ఇబ్బంది ఉండదు.

దేశం తప్పు ఎంచుకోవడం. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి దరఖాస్తు. ఓడ ఎక్కే ఊరు మారితే ఈ లెక్కంతా మారిపోతుంది.

“మేం ఓడ దిగం కదా” అనుకోవడం. దిగకపోయినా దారిలో ఉన్న దేశాల వీసా లేదని మొదటి పోర్టులోనే ఆపేయొచ్చు. కాగితాల బాధ్యత ప్రయాణికులదేనని కాంట్రాక్టులో ఉంటుంది కాబట్టి, అలా ఆగిపోతే క్రూజ్ ఛార్జీ సాధారణంగా వెనక్కి రాదు.

విమానం టికెట్లు ముందే కొనేయడం. షెంజెన్ దరఖాస్తుకి రిజర్వేషన్ చూపిస్తే చాలు. వీసా వచ్చాక, క్రూజ్ ఖాయమనిపించాక కొనండి. ధర కొంచెం ఎక్కువైనా తేదీ మార్చుకోగలిగిన టికెట్ తీసుకోండి.

ఇన్సూరెన్స్ అన్నిటికీ వర్తిస్తుందనుకోవడం. షెంజెన్‌కి కావలసింది కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీ. అది వైద్యానికే. ట్రిప్ క్యాన్సిలేషన్ అని రాసున్నా అందులో ఒప్పుకునేవి జబ్బు, ప్రమాదం, ఇంట్లో మరణం లాంటి కారణాలే. కంపెనీ ఓడను రద్దు చేయడం, కంపెనీ దివాలా తీయడం చాలా పాలసీల్లో ఉండవు. వీసా తిరస్కరణకి కవర్ కొన్నిట్లో విడిగా కొనుక్కోవాలి. పాలసీ కాగితంలో “మినహాయింపులు” అన్న పేజీ కొనకముందే చదవండి. ప్రయాణం మొదలయ్యే తేదీకి ముందే పాలసీ రద్దు కోరితే చాలా కంపెనీలు కొంత కోసుకుని ప్రీమియం ఇస్తాయి. ఆ తేదీ దాటిందంటే ఆశ వదులుకోవాల్సిందే.

7. అనుమానం ముదిరినప్పుడు: మీరు ముందు రద్దు చేసుకోకండి

భయంతో చాలామంది చేసే పని ఇదే. మీరు రద్దు చేసుకుంటే కోత పడుతుంది. కంపెనీ రద్దు చేస్తే కోత లేకుండా మొత్తం ఇవ్వాలి. అదే ఓడ, అదే ప్రయాణం, ఎవరు ముందు “వద్దు” అన్నారన్న దాని మీద లక్షలు అటూఇటూ అవుతాయి.

అయితే కళ్లు మూసుకుని కూర్చోమని కాదు. కోత 25 నుంచి 50 శాతానికి, 50 నుంచి 75కి పెరిగే రోజులు కాంట్రాక్టులో ఉంటాయి. ఆ ప్రతి తేదీకి మూడు రోజుల ముందు ఫోన్లో గుర్తు పెట్టుకుని, నాలుగో మెట్టులోని గుర్తులు మళ్లీ చూడండి. ఓడ కచ్చితంగా కదిలేలా ఉండి, మీ వీసాయే రాలేదంటే, కోత పెరగకముందే మీరు రద్దు చేసుకోవాలి. వీసా వచ్చి, ఓడే అనుమానంగా ఉంటే ఓపిక పట్టాలి.

8. రద్దు మెయిల్ వచ్చిన రోజు

ఆ రోజు చేయాల్సినవి, ఇదే వరసలో:

- మెయిల్‌ను పీడీఎఫ్‌గా దాచండి. వెబ్‌సైట్లో రద్దు నోటీసు ఉంటే తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీయండి.
- వీసా దరఖాస్తు ఇంకా ఇవ్వలేదా? స్లాట్ రద్దు చేయండి. బ్రిటన్ అయితే విరమించుకోండి.
- విమానం, హోటల్: ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఎప్పుడో చూసి అదే రోజు పని ముగించండి.
- ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి.
- క్రూజ్ కంపెనీకి రాతపూర్వకంగా రీఫండ్ అడగండి. ఏజెంటు ద్వారా కొన్నా కంపెనీకి కాపీ పెట్టండి.

ఉత్తరంలో బుకింగ్ నంబరు, రద్దయిన తేదీ, కట్టిన మొత్తం, “మాకు నగదే కావాలి, వోచరు వద్దు” అన్న వాక్యం స్పష్టంగా ఉండాలి. దాని కింద వేరే పేరాలో వీసా రుసుము, సర్వీసు ఛార్జీ, విమానం కోత రసీదులతో సహా జత చేసి, వాటినీ భరించమని అడగండి. చాలా కాంట్రాక్టుల్లో కంపెనీకి ఆ బాధ్యత లేదని ఉంటుంది. అయినా అడగండి. మొత్తం ఓడను వేరేవాళ్లకు అద్దెకిచ్చినందుకు రద్దు చేసినప్పుడు, విమానం టికెట్ మార్పు ఖర్చును కొంత హద్దు వరకు భరించిన కంపెనీలు ఉన్నాయి. రసీదులతో మర్యాదగా అడిగినవాళ్లకే అది దక్కుతుంది.

ఎక్కడ కొన్నారన్నది బట్టి మీకు మరికొంత బలం ఉండొచ్చు. అమెరికా పోర్టుల్లో ఎక్కే ప్రయాణాలకు అక్కడి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ 2022లో చేసిన నిబంధన ప్రకారం, ఓడ రద్దైనా, మూడు రోజులు లేదా అంతకు మించి ఆలస్యమై మీరు ఎక్కనన్నా రీఫండ్ హక్కు ఉంది. యూరప్‌లోని విక్రేత దగ్గర ప్యాకేజీగా కొంటే, నిర్వాహకులు రద్దు చేసిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. జర్మనీలోనో ఐర్లండ్‌లోనో ఉంటున్న మన పిల్లలు తల్లిదండ్రుల కోసం అక్కడి నుంచి బుక్ చేసినప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది.

9. వోచరు ఇస్తామంటే ముందు వీసా లెక్క వేయండి

“నగదు బదులు వచ్చే ఏడాదికి క్రెడిట్ తీసుకోండి, పది శాతం అదనం” అంటారు. 2,80,000 కట్టినవాళ్లకు 28,000 అదనం. ఆకర్షణీయంగానే ఉంటుంది. కానీ ఇప్పుడున్న షెంజెన్ వీసా అప్పటికి చెల్లదు. మొదటి మెట్టులో లెక్కేసిన ఆ ఇంటి నలుగురికి మళ్లీ 22,500, సర్వీసు ఛార్జీలు, కొత్త ఇన్సూరెన్స్. అదనం అక్కడికక్కడే కరిగిపోతుంది. కొత్త క్రూజ్ ధర పెరిగిందంటే ఎదురు కట్టాలి.

వోచరు తీసుకోవాలంటే నాకు తెలిసి రెండే సందర్భాలు: చేతిలో ఇంకా ఏళ్ల తరబడి చెల్లే వీసా ఉండటం, లేదా వీసా చెల్లుబాటు లోపలే ఇంకో తేదీ దొరకడం. కంపెనీ ఆర్థికంగా ఊగుతోందని వార్తలు వస్తుంటే అప్పుడు కూడా వద్దు, నగదే తీసుకోండి. ఒకసారి వోచరుకి ఒప్పుకుంటే నగదు అడిగే హక్కు పోతుంది, కాబట్టి మెయిల్‌లోని బటన్లు చూసి నొక్కండి. గడువు లోపు ఏదీ ఎంచుకోకపోతే తనంతట వోచరే ఇచ్చే కంపెనీలూ ఉంటాయి.

10. వీసా అంటించాక ఓడ పోతే

ఓడ రద్దైనంత మాత్రాన వీసా రద్దవదు. అమెరికా, బ్రిటన్ వీసాలయితే చెల్లుబాటులో ఎప్పుడైనా వెళ్లొచ్చు.

షెంజెన్‌తో జాగ్రత్తగా ఉండాలి. మీ వీసా మీద తేదీలు చూడండి, సింగిల్ ఎంట్రీకి సాధారణంగా ప్రయాణ రోజుల మీద 15 రోజులు అదనంగా చెల్లుబాటు ఇస్తారు. ఓడ వారం వెనక్కి జరిగితే అందులో సరిపోవచ్చు. పూర్తిగా రద్దైతే అదే దేశంలో, అదే తేదీల్లో మామూలు యాత్ర చేసి రావచ్చు. స్పెయిన్ వీసాతో మొత్తం రోజులు ఇటలీలో గడపాలనుకుంటే మాత్రం, ముందు కాన్సులేట్‌కి మెయిల్ రాసి జవాబు తీసుకోండి. ఇమిగ్రేషన్ దగ్గర చూపించడానికి రద్దు మెయిల్, కొత్త హోటల్ బుకింగులు ప్రింటు తీసి పెట్టుకోండి.

వాడితే ఇంకో లాభం. 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం తెచ్చిన నియమం ప్రకారం, మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు సక్రమంగా వాడినవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ, ఆ తరవాత అయిదేళ్లది వచ్చే వీలుంది. వాడని వీసా ఆ లెక్కలోకి రాదు. కాబట్టి సెలవు ఉండి, విమానం టికెట్ వెనక్కి రాదనుకుంటే, చిన్న యాత్ర చేసి రావడమే మేలని నా అభిప్రాయం. పైగా ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలలు పనికొస్తాయి.

11. డబ్బు రాకపోతే ఎవరి దగ్గరికి, ఏ వరసలో

మొదట ఏజెంటుకి, కంపెనీకి పదిహేను రోజుల గడువుతో రాతపూర్వకంగా అడగండి. ఆ తరవాత బ్యాంకుకి చార్జ్‌బ్యాక్ కోరండి. దీనికి సాధారణంగా 120 రోజుల హద్దు ఉంటుంది, “ఇస్తున్నాం, ఇస్తున్నాం” అని ఏజెంటు నానుస్తుంటే అది దాటిపోనివ్వకండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) ఉన్నారు. ఇన్సూరెన్స్ పేచీకి వేరే ఆంబుడ్స్‌మన్, ఆంధ్ర, తెలంగాణలకు కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

ఏజెంటు మీద ఫిర్యాదుకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా కదలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఏజెంటు ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. మీరు కట్టిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

చివరగా టీసీఎస్. విదేశీ ప్యాకేజీ మీద వసూలు చేసిన ఈ పన్ను ప్రభుత్వానికి జమ అయిపోయాక ఏజెంటు “మా చేతిలో లేదు” అంటే అది చాలాసార్లు నిజమే. కానీ ఆ డబ్బు పోలేదు. మీ ప్యాన్ మీద జమ అయిందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో చూసుకుని, రిటర్ను వేసేటప్పుడు క్లెయిం చేయండి. ఏజెంటు దగ్గర టీసీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అక్కవాళ్ల రసీదులో అది బావ ప్యాన్ మీద కాక, అడ్వాన్సు కట్టినందుకు మా మేనల్లుడి ప్యాన్ మీద పడింది. చదువుకుంటున్న కుర్రాడు, ఆదాయం లేదు. అతని పేరు మీద మొదటిసారి రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది.